ముద్రిక కంటే మట్టే గట్టి సాక్ష్యం: ప్రాచీన ఈజిప్టు ముద్రలను ఎలా చదవాలి

సంక్షిప్తంగా: ఈజిప్టు ముద్రిక ఒకటి పొరుగు దేశంలో దొరికినంత మాత్రాన అక్కడ ఫారోల పాలన సాగిందని గానీ, ఈజిప్షియన్లు నివసించారని గానీ చెప్పలేము. ముద్రికలు నగలుగా, తాయెత్తులుగా, ఒక్కోసారి ముడిరాయిగా కూడా చేతులు మారాయి. వాటిని ఒత్తిన మట్టి ముద్దలు అంతకంటే నమ్మదగిన ఆధారాలు. ఆ మట్టి ఎక్కడిది, దాని వెనకవైపు ఏ వస్తువు అచ్చు పడింది, అది ఎక్కడ పగిలింది అన్నవి తెలిస్తే రెండు ప్రాంతాల మధ్య సంబంధం ఏ తరహాదో చాలావరకు తేలుతుంది.

2022లో టెల్ అవీవ్ పక్కనున్న అజోర్‌లో క్షేత్ర పర్యటనకు వెళ్లిన పాఠశాల బృందానికి నేల మీద ఒక స్కారబ్ దొరికింది. పేడపురుగు ఆకారంలో మలిచి, చదునైన అడుగు భాగంలో బొమ్మలో అక్షరాలో చెక్కిన చిన్న ముద్రికను స్కారబ్ అంటారు. దాని వయసు సుమారు 3,000 ఏళ్లని అక్కడి పురావస్తు అధికారులు ప్రకటించారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఫారోల అధికారం అంతదూరం విస్తరించిందా అన్న చర్చ మొదలవుతుంది. లెబనాన్, సూడాన్, క్రీట్, టర్కీ, ఇటలీ... ఈజిప్టు ముద్రికలు దొరికిన దేశాల జాబితా పెద్దది. వాటిలో చాలా భూభాగాలను ఈజిప్టు ఏనాడూ ఏలలేదు. అలాంటప్పుడు ముద్రిక దేనికి సాక్ష్యం? అది తెలియాలంటే ముందు ఆ ముద్రిక రోజువారీగా ఏ పని చేసేదో చూడాలి.

తాళం లేని కాలంలో తాళం

ఈజిప్టులో సరుకు భద్రత చాలా కాలం మట్టి మీదే ఆధారపడింది. కొట్టు తలుపుకు కొయ్య మేకు బిగించి, దానికి తాడు చుట్టి, ముడి మీద తడి ఒండ్రుమట్టి ముద్ద అద్ది, దాని మీద ముద్రిక ఒత్తేవారు. పెట్టెలకు, బుట్టలకు, తోలు సంచులకు, ద్రాక్షసారా జాడీల మూతలకు, చుట్టి కట్టిన పపైరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసిన కాగితం) ఉత్తరాలకు ఇదే పద్ధతి. ఎండిన మట్టిని పగలగొట్టకుండా దేన్నీ తెరవలేరు. ఎన్నికల తర్వాత స్ట్రాంగ్‌రూమ్ తలుపుకు వేసే లక్క సీలు చేసే పనే ఇదీ చేసేది. దొంగను ఆపలేదు, కానీ ఎవరో తెరిచారన్న సంగతి దాగనివ్వదు.

ఇక్కడ రెండు వస్తువులను వేరు చేసి చూడాలి. మొదటిది ముద్రిక. మెరుగుపూత పూసిన బలపపు రాయితోనో, నీలిరాయి (లాపిస్ లాజులి)తోనో, బంగారంతోనో చేసింది. అందంగా ఉంటుంది, దారానికి గుచ్చుకోవచ్చు, ఉంగరంలో పొదగవచ్చు, తాత నుంచి మనవడికి చేరవచ్చు, అమ్మవచ్చు. రెండోది ముద్రిక ఒత్తిన మట్టి ముద్ద. దీన్ని ఒక్కసారే వేస్తారు, ఒక్కసారే పగలగొడతారు. పగిలిన తర్వాత లెక్క సరిచూసుకునేందుకు కొన్నాళ్లు ఉంచినా, చివరికి పక్కనున్న చెత్తలో పడేస్తారు. దాన్ని ఎవరూ మెడలో వేసుకోరు, దూరదేశానికి కానుకగా పంపరు.

అందుకే మట్టి ముద్ద చెప్పే విషయాలు కచ్చితంగా ఉంటాయి. ముందువైపు ముద్ర అధికారి పేరునో, శాఖ పేరునో చెబుతుంది. వెనకవైపు తాడు ముడి, బుట్ట అల్లిక, తోలు ముడతలు, పపైరస్ నారల గీతలు అచ్చు పడి ఉంటాయి. అంటే అది తలుపుదా, సంచిదా, ఉత్తరానిదా అన్నది తెలుస్తుంది. మట్టిని పలుచటి పొరగా కోసి సూక్ష్మదర్శిని కింద అందులోని ఖనిజాలను పరిశీలిస్తే అది నైలు ఒండ్రా, మరో ప్రాంతపు మట్టా అన్నది చాలా సందర్భాల్లో తేలుతుంది. నైలు మట్టి ఈజిప్టు బయట పగిలి దొరికితే సరుకు అక్కడికి ప్రయాణించిందని అర్థం. స్థానిక మట్టి మీద ఈజిప్టు ముద్ర ఉంటే ముద్ర వేసే అధికారే అక్కడికి వెళ్లాడని అర్థం. ఈ రెండింటికీ మధ్య ఎంతో తేడా ఉంది.

మెసొపొటేమియా నుంచి వచ్చిన ఆలోచన

ఈజిప్టు మొదట ఈ రంగంలో అరువు తెచ్చుకున్న దేశమే. మట్టి మీద దొర్లించే స్థూపాకార ముద్రికలు క్రీ.పూ. 4వ సహస్రాబ్దిలో దక్షిణ ఇరాక్‌లోని ఉరుక్, నైరుతి ఇరాన్‌లోని సూసా ప్రాంతాల్లో పుట్టాయి. క్రీ.పూ. 3500 తర్వాతి శతాబ్దాల్లో ఎగువ (అంటే దక్షిణ) ఈజిప్టులోని నకాడా వంటి చోట్ల సమాధుల్లో అదే శైలి ముద్రికలు కొన్ని కనిపిస్తాయి. ఆ కాలపు సమాధుల్లోనే ఆఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నీలిరాయి పూసలూ ఉన్నాయి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న గెబెల్ ఎల్-అరక్ కత్తి దంతపు పిడి మీద, రెండు సింహాలను చెరో చేత్తో పట్టి నిలిపిన పురుషుడి బొమ్మ మెసొపొటేమియా శైలినే గుర్తుకు తెస్తుంది. ఈ ప్రభావం ఉత్తర సిరియా మీదుగా నైలు డెల్టాలోకి వచ్చిందా, ఎర్రసముద్రం వైపు నుంచి వచ్చిందా అన్నదానిపై పండితుల మధ్య చర్చ ఇంకా నడుస్తోంది. ఉరుక్ వర్తకుడు నైలు గట్టున నిలబడి ఉండాల్సిన అవసరమైతే లేదు. పది చేతులు మారుతూ వచ్చినా ఫలితం ఇలాగే ఉంటుంది.

అరువు తెచ్చుకున్న తర్వాత జరిగింది మరింత ఆసక్తికరం. కొద్ది తరాల్లోనే ఈజిప్షియన్లు ఆ ఆకారాన్ని ఉంచుకుని, దాని మీద తమ చిత్రలిపిని, తమ రాజుల పేర్లను చెక్కడం మొదలుపెట్టారు. జాడీల మీద పెద్ద మట్టి మూతలకు దొర్లించే ముద్రిక బాగా పనికొచ్చింది. రాత పని పపైరస్ మీదికి మారి, ఉత్తరపు ముడి మీద గోరంత మట్టి ముద్ద చాలనుకున్నాక, ఒక్కసారి ఒత్తితే సరిపోయే ముద్రికలకు గిరాకీ పెరిగింది. క్రీ.పూ. 2000 తర్వాత స్కారబ్ ఆ స్థానాన్ని ఆక్రమించింది. మెసొపొటేమియాలో రాత మట్టి పలకల మీదే కొనసాగింది కాబట్టి అక్కడ స్థూపాకార ముద్రిక ఇంకా చాలా శతాబ్దాలు బతికింది. ఒకే పరికరం రెండు దేశాల్లో రెండు దారులు పట్టడానికి మూలం వాటి రాత సామగ్రిలోనే ఉంది.

ఎన్ బెసోర్: ముద్ర ఈజిప్టుది, మట్టి స్థానికం

గాజాకు దగ్గర్లో, బెసోర్ వాగు ఒడ్డున ఉన్న ఎన్ బెసోర్ ఊట పక్కన 1970ల్లో రామ్ గోఫ్నా తవ్వకాలు జరిపారు. ఇటుకలతో కట్టిన ఒక చిన్న భవనం బయటపడింది. అందులో ఈజిప్టు 1వ రాజవంశ కాలపు ముద్రలున్న మట్టి ముద్దలు పదుల కొద్దీ దొరికాయి. అవి నైలు మట్టితో చేసినవి అయ్యుంటే ఈజిప్టు నుంచి వచ్చిన సరుకు ఇక్కడ విప్పారని అనుకోవచ్చు. పరీక్షలో అది స్థానిక మట్టి అని తేలింది. అంటే క్రీ.పూ. 3000 తర్వాతి కాలంలో ఈజిప్టు అధికారులు ముద్రికలు వెంట తెచ్చుకుని, అక్కడే ఉండి, అక్కడి సరుకుకు ముద్ర వేశారు. రొట్టె, బీరు అందిస్తూ బాటసారుల బృందాలకు ఆసరాగా ఉన్న మజిలీ అది అన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. ఒక్క మట్టి పరీక్ష వర్తకం అనుకున్నదాన్ని పాలనా వ్యవస్థగా మార్చింది.

ప్రయోగశాల ఎప్పుడూ ఇంత స్పష్టంగా తీర్పు చెప్పదు. ఎగువ ఈజిప్టులోని అబిడోస్‌లో, 1988లో గుంటర్ డ్రాయర్ బృందం తవ్విన యు-జె సమాధిలో కనాను ప్రాంతపు (నేటి ఇజ్రాయెల్, పాలస్తీనా పరిసరాలు) ఆకారంలోని ద్రాక్షసారా జాడీలు వందల కొద్దీ ఉన్నాయి. ఒక వర్గం ఆ జాడీల మట్టి కనానుదే అంది, మరో వర్గం ఈజిప్టు మట్టే అంది. పరీక్షా పద్ధతి మారితే ఫలితమూ మారింది. కుండ ఆకారాన్ని చూసి ఊరు పేరు చెప్పడం ఎంత ప్రమాదమో ఈ వివాదం బాగా నేర్పింది.

నూబియా కోటలు: సరిహద్దు ఎలా నడిచేది

ముద్రల సాక్ష్యం అన్నిటికంటే పుష్కలంగా ఉన్నది దక్షిణాన నూబియాలో (ఈజిప్టుకు దక్షిణంగా, నేటి సూడాన్ వైపు ఉన్న నైలు ప్రాంతం), నైలు రెండో జలపాతం దగ్గరి కోటల్లో. 12వ రాజవంశపు రాజులు, ముఖ్యంగా 3వ సెనుస్రెట్, అక్కడ కోటల వరుసే నిర్మించారు. వాటిలో ఉరోనార్తి, మిర్గిస్సా, అస్కుత్ నుంచి మట్టి ముద్రలు పెద్ద ఎత్తున వచ్చాయి. ఒక్క ఉరోనార్తి నుంచే వేల సంఖ్యలో.

ఈ ముద్రల్లో రెండు అంచెల వ్యవస్థ కనిపిస్తుంది. ధాన్యాగారం, ఖజానా, కోట వంటి సంస్థల పేరుతో ఉన్న పెద్ద ముద్ర ఒకటి. దాని మీదో పక్కనో ఒక అధికారి సొంత ముద్ర మరొకటి. ఎవరు బాధ్యులో రెండు స్థాయిల్లో నమోదైందన్నమాట. ఒక కోట పేరున్న ముద్ర మరో కోటలో పగిలి దొరికితే వాటి మధ్య సరుకో, ఉత్తరమో నడిచిందని తేలుతుంది. వెనకవైపు పపైరస్ గీతలుంటే అది ఉత్తరమే. తీబ్స్‌లో ఒక సమాధిలో దొరికిన సెమ్నా (మరో సరిహద్దు కోట) నివేదికలు అనే పపైరస్‌లు ఈ చిత్రాన్ని నిండుగా చేస్తాయి. నూబియన్ల చిన్న గుంపులు సరుకు తెచ్చి అమ్ముకుని, తిరిగి దక్షిణానికి వెళ్లడం, ఎడారిలో కనిపించిన అడుగుజాడలను అనుసరించడం, ఇలాంటి దినవారీ సంగతులు వాటిలో ఉన్నాయి.

సెమ్నాలో 3వ సెనుస్రెట్ 8వ పాలనా సంవత్సరంలో నిలిపిన శిలాశాసనం ప్రకారం, వర్తకం కోసం ఇకెన్‌కు వచ్చేవారు, దూతలు తప్ప నూబియన్లెవరూ నీటి మీద గానీ నేల మీద గానీ ఆ హద్దు దాటకూడదు. ఇకెన్ అంటే మిర్గిస్సాయేనని 1960ల్లో జాన్ వెర్కూతే తవ్వకాలతో రుజువైంది. శాసనం చదివితే మూసేసిన సరిహద్దు కనిపిస్తుంది. మట్టి ముద్రలు చూస్తే నిత్యం తెరుచుకుంటూ, లెక్క రాసుకుంటూ నడిచిన సరిహద్దు కనిపిస్తుంది. రాజు ప్రకటన కంటే గుమాస్తా పగలగొట్టిన మట్టికే ఇక్కడ ఎక్కువ విలువ ఇవ్వాలి. అధికారి లెక్క కోసం చేసిన పనిలో ప్రతాపం చాటుకునే అవసరం లేదు.

ఇంకా దక్షిణాన, కుష్ రాజ్య కేంద్రమైన కెర్మాలోనూ ఈజిప్టు శైలి మట్టి ముద్రలు దొరికాయి. వాటిలో షేషీ అనే రాజు పేరున్నవి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. ఈ రాజు పేరుతో కనాను నుంచి నూబియా దాకా వందల కొద్దీ ముద్రికలు, ముద్రలు బయటపడ్డాయి. అయినా అతను ఏ రాజవంశానికి చెందినవాడో, ఎన్నేళ్లు ఏలాడో చరిత్రకారులు తేల్చుకోలేకపోతున్నారు. ముద్రికలు సంబంధాల విస్తృతిని చూపించగలవు, కాలక్రమం అడిగితే మాత్రం తరచూ చేతులెత్తేస్తాయి.

కనానులో అనుకరణ

క్రీ.పూ. 18, 17 శతాబ్దాల నాటికి కనాను సమాధుల్లో స్కారబ్‌లు విరివిగా కనిపిస్తాయి. జెరికో, మెగిద్దో, గాజా దగ్గరి టెల్ ఎల్-అజ్జూల్ ఇందుకు పేరుపడ్డాయి. మొదట వచ్చినవి ఈజిప్టు తయారీ. తర్వాతివి చాలావరకు కనానులోనే చేసినవని డఫ్నా బెన్-టోర్ పరిశోధన స్పష్టం చేసింది. చెక్కే తీరులో తేడాలు, ఈజిప్టులో లేని బొమ్మలు, తప్పుగా పేర్చిన చిత్రలిపి గుర్తులు దీనికి ఆధారాలు. అన్-రా అని పిలిచే ఒక రకంలో కొన్ని గుర్తులే అర్థంలేని వరుసల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. చెక్కినవారికి ఆ లిపి చదవడం రాకపోయినా దాని మీద గౌరవం ఉంది, శుభం చేకూరుస్తుందన్న నమ్మకం ఉంది.

లెబనాన్ తీరంలోని బిబ్లోస్‌లో ఇది మరో మెట్టు ఎక్కింది. అక్కడి పాలకులు తమ ముద్రికల మీద ఈజిప్టు చిత్రలిపిలో, ఈజిప్టు నగరాధిపతులు వాడే బిరుదునే పెట్టుకున్నారు. వారిని ఫారో నియమించాడని ఆ బిరుదు చెప్పదు. దేవదారు కలప వర్తకంతో ఎదిగిన స్వతంత్ర పాలకులు, గొప్పదనంగా భావించిన భాషలో తమను తాము పరిచయం చేసుకున్నారని చెబుతుంది.

అవారిస్‌లో ఎదురు ప్రవాహం

సంబంధం ఒకవైపు నుంచే నడవలేదు. డెల్టా తూర్పున ఉన్న టెల్ ఎల్-దబా, అంటే ప్రాచీన అవారిస్‌లో మాన్‌ఫ్రెడ్ బీటాక్ నాయకత్వంలో ఆస్ట్రియా బృందం 1966లో తవ్వకాలు మొదలుపెట్టింది. అక్కడ 13వ రాజవంశపు తొలి నాటి పొరలో హెమటైట్ రాయి ముద్రిక ఒకటి దొరికింది. దాని మీద పర్వతాల పై అడుగులు మోపిన సిరియా తుపాను దేవుడు ఉన్నాడు. పశ్చిమాసియా మూలాలున్న హిక్సోస్ రాజులు డెల్టాలో అధికారంలోకి రావడానికి చాలా ముందే సిరియా తీరపు ప్రజలు, వారి దేవుడు డెల్టాలో స్థిరపడ్డారని ఇది సూచిస్తుంది. హిక్సోస్‌ది ఒక్కసారిగా జరిగిన దండయాత్ర అన్న పాత కథ బలహీనపడటానికి ఇలాంటి ఆధారాలే కారణం.

హిక్సోస్ కాలపు అవారిస్ నుంచి కీలాక్షర లిపి (మెసొపొటేమియాలో మట్టి మీద మేకు ఆకారపు గుర్తులతో రాసే లిపి) పలక ముక్క ఒకటి, 2009లో బాబిలోనియా ముద్ర ఒత్తిన మట్టి ముద్ద ఒకటి వెలుగు చూశాయి. అంతర్జాతీయ లేఖలకు పేరుపడ్డ అమర్నా దస్తావేజులు క్రీ.పూ. 14వ శతాబ్దానివి. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే డెల్టా రాజధానికి మెసొపొటేమియా లిపిలో లేఖలు చేరుతున్నాయన్నమాట.

హిక్సోస్ రాజు ఖయాన్ విషయంలో సాక్ష్యాల స్వభావం ఎంత తేడా తెస్తుందో చూడవచ్చు. అతని పేరున్న రాతి మూత క్రీట్‌లోని నోసోస్‌లో, అబ్సిడియన్ (అగ్నిపర్వత గాజురాయి) పాత్ర ముక్క టర్కీలోని హత్తూషాలో దొరికాయి. రాతి సింహం ఒకటి బాగ్దాద్‌లో కొనుగోలుకు వచ్చింది. వీటిని కలిపి ఒకప్పుడు కొందరు ఒక మహాసామ్రాజ్యాన్నే ఊహించారు. ఈ మూడూ చేతులు మారే విలువైన వస్తువులని గుర్తించాక ఆ ఊహ నిలబడలేదు. 2010 ప్రాంతంలో ఎగువ ఈజిప్టులోని ఎడ్ఫూలో నదీన్ మొల్లర్, గ్రెగరీ మరువార్ బృందానికి ఖయాన్ పేరున్న మట్టి ముద్రలు 41 దొరికాయి. వాటితో పాటే 13వ రాజవంశపు 4వ సోబెక్‌హోటెప్ ముద్రలు తొమ్మిది ఉన్నాయి. ఇద్దరి మధ్య సుమారు శతాబ్దం దూరం ఉందని అప్పటిదాకా లెక్క. మట్టి ముద్రలు ఒకే పొరలో కలిసి ఉండటంతో ఆ లెక్కనే మళ్లీ చూడాల్సి వచ్చింది. చనిపోయిన రాజు పేరున్న ముద్రికను తర్వాతి తరం అధికారి వాడి ఉండవచ్చన్న అభ్యంతరమూ వచ్చింది, దాన్ని కొట్టిపారేయలేము. మట్టికి కూడా హద్దులున్నాయి.

ముద్రిక ముద్రికగా ఉండని చోట

లక్సర్ దగ్గరి టోడ్ ఆలయంలో 1936లో నాలుగు రాగి పెట్టెలు దొరికాయి. వాటి మీద 2వ అమెనెంహట్ పేరుంది. లోపల వెండి పాత్రలతో పాటు మెసొపొటేమియా నీలిరాయి ముద్రికలు ఉన్నాయి. అవి వేర్వేరు కాలాలకు చెందినవి. వాటితో ఈజిప్టులో ఎవరూ ముద్ర వేయలేదు. అరుదైన రాయిగా, సంపదగా దేవుడి ఖజానాకు చేరాయి.

టర్కీ తీరంలో మునిగిన ఉలుబురున్ ఓడను 1984 నుంచి 1994 వరకు జార్జ్ బాస్, జెమాల్ పులాక్ బృందాలు వెలికితీశాయి. సుమారు 10 టన్నుల రాగి దిమ్మెలు మోసుకెళ్తున్న ఆ ఓడలో నెఫెర్టిటి పేరున్న బంగారు స్కారబ్ ఉంది. దాని ద్వారా ఓడ ఆమె కాలం కంటే ముందుది కాదని తెలిసింది. ఆ ఓడ ఆమెదని గానీ, ఈజిప్టు రాజ్యానిదని గానీ తేలలేదు. అదే ఓడలో తుక్కు బంగారమూ ఉంది, ఆ స్కారబ్ కూడా తూకానికి పోయే సరుకే కావచ్చు.

ఇటలీలోని ఇస్కియా ద్వీపంలో క్రీ.పూ. 8వ శతాబ్దపు బిడ్డ సమాధిలో ఫారో బోకోరిస్ పేరున్న స్కారబ్ ఉంది. అక్కడ అది తాయెత్తు. అయినా ఫారో పాలనా కాలం తెలుసు కాబట్టి, పక్కనున్న గ్రీకు కుండల కాలాన్ని నిర్ణయించడానికి అది మూలస్తంభంగా నిలిచింది. 3వ థుట్మోస్ సింహాసన నామమైన మెన్‌ఖెపెర్రే పేరుతో మాత్రం ఇలాంటి లెక్క కుదరదు. అతను మరణించాక శతాబ్దాల పాటు ఆ పేరుతో స్కారబ్‌లు చేస్తూనే ఉన్నారు. రాజు పేరు చదివి తేదీ వేసేవారికి ఇదే పెద్ద ఉచ్చు.

రాజులు రాజులతో

3వ అమెన్‌హోటెప్ పెద్ద స్కారబ్‌ల మీద ప్రకటనలు చెక్కించి పంచాడు. ఒకదానిలో 10వ పాలనా సంవత్సరంలో ఉత్తర సిరియా ప్రాంతపు మిటాన్ని రాజ్యం రాజు కుమార్తె గిలుఖెపా 317 మంది స్త్రీల పరివారంతో వచ్చిందని ఉంది. మరో రకంలో పదేళ్లలో 102 సింహాలను వేటాడినట్టు ఉంది. వాటి ప్రతులు సిరియా తీరంలోని ఉగారిట్ దాకా వెళ్లాయి. ఇవి మట్టి మీద ఒత్తడానికి చేసినవి కావు, చదివించడానికి చేసినవి.

2వ రామెసెస్, నేటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్ రాజు 3వ హత్తుసిలి క్రీ.పూ. 1259లో చేసుకున్న ఒప్పందం వెండి పలక మీద రాసి ఉండేది. ఆ పలక మిగలలేదు. కర్నాక్ గోడ మీది ప్రతిలో మాత్రం ఈజిప్టు లేఖకులు పలక మీది హిట్టైట్ ముద్రలను కూడా మాటల్లో వర్ణించారు. ఒకవైపు రాజును కౌగిలించుకున్న తుపాను దేవుడు, మరోవైపు రాణిని కౌగిలించుకున్న దేవత. ఆ తుపాను దేవుణ్ని వాళ్లు తమ దేవుడైన సేత్ పేరుతోనే రాశారు. పరాయి దేశపు ముద్ర లేకపోతే ఒప్పందానికి విలువ లేదని ఈజిప్టు గుర్తించిందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఆధారం అరుదు.

19వ శతాబ్దం మధ్యలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త లేయర్డ్ నేటి ఇరాక్‌లోని నినెవేలో అస్సీరియా రాజు సెన్నాకెరిబ్ రాజభవనాన్ని తవ్వినప్పుడు ఒక మట్టి ముద్ద దొరికింది. దాని మీద శత్రువును కొడుతున్న భంగిమలో ఫారో షబాకా ముద్ర, దానితో పాటు అస్సీరియా ముద్ర. ఆ మట్టి ఏ దస్తావేజుకు అతికి ఉండేదో, ఆ దస్తావేజు నశించింది. ఒప్పందమని కొందరు, మామూలు రాజలేఖ అని మరికొందరు అంటారు. ఏదైనప్పటికీ, ఈ రెండు ఆస్థానాలు రాతపూర్వకంగా వ్యవహరించాయన్నది ఖాయం.

దొరికిన చోటు తెలియకపోతే

ఇంత వివరణా దొరికిన చోటు తెలిసిన వస్తువులకే వర్తిస్తుంది. బోస్టన్ లలితకళల మ్యూజియంలో 5వ రాజవంశపు రాజులు మెన్‌కౌహోర్, జెద్‌కారే పేర్లున్న బంగారు స్థూపాకార ముద్రిక ఉంది. అది టర్కీ ప్రాంతంలో దొరికిందని చెబుతారు. తవ్వకంలో వచ్చింది కాదు, బజారు ద్వారా వచ్చింది. ఆ ఒక్క మాట నిజమైతే క్రీ.పూ. 3వ సహస్రాబ్దిలోనే ఈజిప్టు, అనటోలియా (నేటి టర్కీ) మధ్య సంబంధానికి అది పెద్ద ఆధారం. రుజువు లేనందువల్ల దాని మీద ఏ వాదననూ నిలబెట్టలేము. అక్రమ తవ్వకం బంగారాన్ని కాపాడి దాని చరిత్రను నాశనం చేస్తుంది.

నూబియాలో నష్టం మరోలా జరిగింది. 1960ల్లో అస్వాన్ హై డ్యామ్ జలాశయం కింద మిర్గిస్సా, అస్కుత్ మునిగాయి. ఉరోనార్తి కూడా పోయిందనే చాలాకాలం అనుకున్నారు. నీటి పైన ఇంకా నిలిచే ఉందని తెలిశాక 2012లో లారెల్ బెస్టాక్, క్రిస్టియన్ నోబ్లాక్ బృందం అక్కడ మళ్లీ పని ప్రారంభించింది. పాత తవ్వకాలు పెద్దగా పట్టించుకోని కోట గోడల బయట ఈ బృందం రాతి గుడిసెల నివాసాన్ని గుర్తించింది. ఆ గుడిసెల నేలల్లో మట్టి ముద్రలు ఎన్ని దొరుకుతాయో, వాటి వెనకవైపు ఏ అచ్చులు ఉంటాయో దాన్ని బట్టి, కోట లెక్కలు గోడ లోపలే ఆగాయా, బయట బతికినవారి సరుకు దాకా వెళ్లాయా అన్నది తేలుతుంది.